మతహింస గ్రంథాలు – సేకరణ, పఠనం: చందవోలు నుంచి ఒంగోలు దాకా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గుంటూరులో పాత పుస్తకాలు అమ్మే ఒక అంగడిలో ఈ పరిశోధనకు కావలసిన పుస్తకాలు మూడు వేర్వేరు చోట్ల కనిపించాయి. పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర' శతకాలూ వ్రతకథల మధ్య 'భక్తి' అరలో ఉంది. స్థానిక చరిత్రల సంపుటం 'చరిత్ర' అన్న అట్టపెట్టెలో ఉంది. ఒంగోలు బాప్తిస్టు మిషను గురించిన పుస్తకం 'ఇంగ్లీషు' అన్న కట్టలో ఉంది. మూడింటిలోనూ మతం పేరిట మనిషిని మనిషి హింసించిన ఉదంతాలు ఉన్నాయి. అయినా మూడింటినీ ఒకచోట చేర్చే అర అక్కడ లేదు. అంగడివారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మన సాహిత్య చరిత్రలు కూడా ఇదే పద్ధతిలో వాటిని విడదీశాయి.

గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప నేలలు బౌద్ధ, జైన, శైవ, వైష్ణవ, క్రైస్తవ మతాలు ఒకదాని మీద ఒకటి పొరలుగా పరచుకొన్న ప్రాంతం. ఇక్కడి మతహింస చరిత్రను చెప్పే పాత గ్రంథాలను సేకరించేవారు ఏ ప్రమాణంతో సేకరించాలి, సేకరించినదాన్ని ఏ పద్ధతిలో చదవాలి అన్నది ఈ వ్యాసం చర్చించే విషయం. నా ప్రతిపాదన ఇది: ఈ గ్రంథాలు జరిగినదాన్ని ఎంత చెప్తాయో, ఎవరి గ్రంథాలు మిగలలేదో కూడా అంతే చెప్తాయి. మొదటి విషయాన్ని మాత్రమే పట్టుకొనే సేకరణ, తెలియకుండానే గెలిచినవారి పక్షాన నిలుస్తుంది.

1. చందవోలు వాదం

నేటి బాపట్ల జిల్లాలోని చందవోలు, పన్నెండవ శతాబ్దంలో వెలనాటి చోడుల రాజధాని. ద్రాక్షారామానికి చెందిన మల్లికార్జున పండితారాధ్యుడు అక్కడి రాజసభలో బౌద్ధాచార్యునితో వాదించిన ఘట్టం 'పండితారాధ్య చరిత్ర'లో ప్రసిద్ధం. దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత అనే అయిదు ప్రకరణాల ఈ ద్విపద కావ్యంలో వాద ప్రకరణం కీలకస్థానంలో ఉంది. కథ సారాంశం ఇది. వాదంలో బౌద్ధుడు ఓడిపోతాడు. శివనింద చేశాడన్న కోపంతో పండితారాధ్యుని శిష్యులు అతణ్ణి చంపుతారు. రాజు ఆగ్రహించి పండితారాధ్యుని కన్నులు తీయిస్తాడు. శివానుగ్రహంతో ఆయనకు చూపు తిరిగి వస్తుంది. ఆయన ఆ పురాన్ని శపించి, బసవేశ్వరుణ్ణి చూడాలని కల్యాణానికి బయలుదేరుతాడు. చేరకముందే బసవని శివైక్య వార్త వినవలసి వస్తుంది.

ఈ ఘట్టాన్ని రెండు విధాలుగా చదవడం మనకు అలవాటు. ఒక వర్గం దీన్ని యథాతథ చరిత్రగా తీసుకొని ఆంధ్రదేశంలో బౌద్ధం కత్తివేటుకు నశించిందనడానికి ఉదాహరణగా చూపుతుంది. మరొక వర్గం పోయిన కన్నులు తిరిగి రావడాన్ని చూపి ఇది మహిమల పురాణమని, చరిత్రకు పనికిరాదని పక్కన పెడుతుంది. రెండు పద్ధతులూ కావ్యనిర్మాణాన్ని గమనించవు.

నిర్మాణాన్ని గమనిస్తే మొదట కనిపించేది హింసల క్రమం. ఇక్కడ హింసలు రెండు. బౌద్ధుని హత్య మొదటిది, పండితారాధ్యుని నేత్రోత్పాటనం రెండవది. కథాభారమంతా రెండవదాని మీద మోపబడింది. పాఠకుని కన్నీరు ఆచార్యుని కన్నుల కోసం కేటాయించబడింది. మొదటి హింస శివనిందకు ఫలితంగా, దాదాపు సహజ పర్యవసానంగా వచ్చి వెళ్ళిపోతుంది. హత్య చేసిన పక్షం కథ ముగిసేసరికి హింసకు గురైన పక్షంగా మారుతుంది. హత్యకు శిక్ష విధించిన రాజు మతద్వేషిగా మిగులుతాడు. రాజ్యధర్మం దృష్టితో చూస్తే అతడు చేసింది నేరానికి దండన. శిక్ష క్రూరమే, కాని కారణం లేనిది కాదు. ఆ కారణాన్ని సోమనాథుడు దాచలేదు. ఈ గ్రంథం విలువ అక్కడే ఉంది. తన పక్షంవారు చంపారన్న మాటను భక్తకవి తన కావ్యంలో నిలిపాడు. అతనికి అది ఒప్పుకోలు కాదు, భక్తి తీవ్రతకు నిదర్శనం. మనకు మాత్రం అది సాక్ష్యం. ఏ సంగతిని సాక్ష్యంగా తీసుకోవచ్చు అన్నదే మిగిలిన ప్రశ్న. ఫలానా రోజున ఫలానా వ్యక్తి మరణించాడనడానికి దీన్ని సాక్ష్యంగా తీసుకోలేము. పరమతస్థుని హత్యను గర్వంగా చెప్పుకోగల శ్రోతృసమాజం సోమనాథుని కాలానికి ఏర్పడిందనడానికి మాత్రం ఇది బలమైన సాక్ష్యం.

సోమనాథుని కాలం మొదటి ప్రతాపరుద్రునిదా, రెండవ ప్రతాపరుద్రునిదా అన్న చర్చ విద్వాంసులకు తెలిసినదే. మొదటి పక్షం తీసుకొంటే సంఘటనకూ కావ్యానికీ మధ్య దూరం కొన్ని దశాబ్దాలు, రెండవది తీసుకొంటే శతాబ్దానికి పైబడిన కాలం. ఈ చర్చను మనం కవికాల నిర్ణయ సమస్యగానే చూస్తూ వచ్చాము. మతహింస అధ్యయనానికి అది సాక్ష్యపు వయసును నిర్ణయించే ప్రశ్న కూడా.

2. పద్యం పక్కన శిల

'పండితారాధ్య చరిత్ర' ఒక్కటే చేతిలో ఉంటే పన్నెండవ శతాబ్దపు వెలనాడు శైవ బౌద్ధ రణరంగంగా కనిపిస్తుంది. అదే కాలపు అమరావతి శాసనాన్ని పక్కన పెడితే దృశ్యం మారుతుంది. ధరణికోట రాజధానిగా పాలించిన కోట వంశీయుడు రెండవ కేతరాజు 1182లో అమరేశ్వరునితో పాటు శ్రీధాన్యకటకంలోని బుద్ధదేవునికీ గ్రామాలను, అఖండదీపాలను దానం చేశాడు. ఆ శాసనం ఉన్నది అమరేశ్వరాలయ స్తంభం మీద. శివాలయ స్తంభం మీదనే బుద్ధునికి దీపదానం చెక్కబడింది. 1234లో ఆ వంశానికి సంబంధించిన స్త్రీ కూడా బుద్ధునికి దీపం పెట్టించింది. కోట ప్రభువులు వెలనాటి చోడులకు సామంతులుగా ఉన్నవారు. అంటే చందవోలు సభ, అమరావతి దీపం ఒకే రాజకీయ వ్యవస్థకు చెందినవి. సింహళంలోని గడలాదెణియ శాసనం 1344 నాటిది. ధాన్యకటకంలోని రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని ధర్మకీర్తి అనే స్థవిరుడు పునరుద్ధరించినట్లు అది చెప్తున్నది. చందవోలు వాదంతో ఈ నేలలో బౌద్ధం ముగిసిపోలేదని దీనివల్ల స్పష్టం.

శిల ఎప్పుడూ సామరస్యాన్నే చెప్తుందని భావించడం కూడా పొరపాటే. ప్రకాశం జిల్లా పడమటి అంచున, నల్లమల అడవికి ఆవల ఉన్న శ్రీశైలంలో 1512 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. లింగడు అనే వీరశైవ ప్రభువు శ్వేతాంబర జైనుల తలలు నరికిన సంగతిని అది ఘనకార్యంగా పేర్కొంటుంది. పి.బి. దేశాయి 1957లో ప్రచురించిన దక్షిణభారత జైనమత గ్రంథం ద్వారా ఇది పరిశోధకులకు సుపరిచితమైంది. ఇక్కడ మహిమలు లేవు, కన్నులు తిరిగి రావడం లేదు. ఉన్నది ఒక అధికారి చాటుకొన్న బిరుదు. పురాణాన్ని కల్పన అని కొట్టివేసేవారు ఈ శాసనానికి సమాధానం చెప్పవలసి ఉంటుంది. పురాణాన్ని అక్షరసత్యంగా నమ్మేవారు 1182 నాటి దీపాలకు సమాధానం చెప్పవలసి ఉంటుంది.

ఇటువంటి జాగ్రత్త తమిళదేశపు కథనాల విషయంలోనూ తప్పనిసరి. మధురలో జైనులను కొరత వేసిన కథ పన్నెండవ శతాబ్దపు సేక్కిళార్ 'పెరియపురాణం'లో విస్తృతంగా ఉంది. కె.ఎ. నీలకంఠశాస్త్రి దాన్ని చరిత్రగా అంగీకరించలేదు. అయినా ఆ కథను ఆలయాల్లో శతాబ్దాలపాటు స్మరించుకొన్నారు. జరగని హింసను జరిగినట్లు తలచుకొని సంతోషించడం కూడా మతచరిత్రలో ఒక సంఘటనే.

3. తిక్కన పాత్ర మార్పు

తిక్కన వంశానికీ గుంటూరుకూ ఉన్న సంబంధం సుప్రసిద్ధం. ఆయన తాత మంత్రి భాస్కరుడు గుంటూరు విభుడు. తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితం చేశాడు. శివకేశవుల అభేదాన్ని ఆరాధ్యమూర్తిగా నిలిపిన కవి అతడు. శతాబ్దాల తరువాత కాసె సర్వప్ప రచించిన 'సిద్ధేశ్వర చరిత్ర'లో ఆ కవే ఓరుగల్లుకు వచ్చి, గణపతిదేవుని సభలో జైన బౌద్ధులను వాదంలో ఓడిస్తాడు. ఆ తరువాత రాజు వారి వసతులను నాశనం చేయిస్తాడు. సమన్వయకవి ఇక్కడ నిర్మూలనకు నాంది పలికినవాడయ్యాడు.

ఈ రెండు తిక్కనలలో ఎవరు నిజం అన్న ప్రశ్నకు 'సిద్ధేశ్వర చరిత్ర' సమాధానం ఇవ్వలేదు. అది రాసిన కాలానికి మహాకవి గొప్పతనం పరమతాన్ని జయించడంతో కొలవబడిందన్న సంగతిని మాత్రం అది స్పష్టంగా చెప్తున్నది. హరిహరనాథ తత్త్వంలో శైవ వైష్ణవులకు చోటు దొరికింది. జైన బౌద్ధులకు దొరికిందా అన్న ప్రశ్న తిక్కన విమర్శలో లోతుగా చర్చించవలసినది. ఆ చర్చకు సర్వప్ప కృతి, దాని చారిత్రక దోషాలతో సహా, మంచి ప్రేరణ.

4. సేకర్తల చూపు

మనకు దక్కిన సామగ్రి ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో గుర్తుంచుకోవాలి. కాలిన్ మెకంజీ 1797 ప్రాంతంలో అమరావతి దిబ్బను చూశారు. అప్పటికే వాసిరెడ్డి వేంకటాద్రినాయుని కొత్త పట్టణ నిర్మాణానికి అక్కడి రాళ్ళు తరలిపోతున్నాయి. 1816లో ఆయన మళ్ళీ వచ్చి శిల్పాల చిత్రాలు వేయించారు. కావలి బొర్రయ్య, అతని మరణానంతరం కావలి లక్ష్మయ్య ఊరూరా కరణాల నుంచి కైఫియత్తులు, వ్రాతప్రతులు సేకరించారు. 1821లో మెకంజీ మరణించాక ఆ సేకరణను ఈస్టిండియా కంపెనీ కొనుగోలు చేసింది. దానిపై హెచ్.హెచ్. విల్సన్ 1828లో సూచిక ప్రచురించారు.

కైఫియత్తు ప్రధానంగా భూమి, మిరాశీ, దేవాలయ మాన్యాల పత్రం. గ్రామం ఎవరిది, మాన్యం ఎవరు ఇచ్చారు అన్న ప్రశ్నకు కరణం చెప్పిన సమాధానం అది. పూర్వం ఈ ఊరు జైనులదని, తరువాత వారు వెళ్ళగొట్టబడ్డారని అటువంటి పత్రంలో కనిపించినప్పుడు, ఆ వాక్యం వర్తమాన హక్కుకు పునాదిగా నిలుస్తున్నదా అని అడగాలి. 'పూర్వపు జైనుడు' ఎన్నో చోట్ల ఖాళీ నేలకు మరో పేరు. బి. శేషగిరిరావు ఆంధ్ర కర్ణాట జైనమతంపై 1922లో వెలువరించిన అధ్యయనంలో స్థానిక చరిత్రలను విరివిగా వాడుకొన్నారు. ఆ కృషి అమూల్యం. అయితే కథనానికీ హక్కుకూ ఉన్న ఈ ముడిని విప్పడం తరువాతి తరాల పని.

సి.పి. బ్రౌన్ దృష్టి వేరు. పండితులు చిన్నచూపు చూసిన ద్విపద కావ్యాలను ఆయన ప్రయత్నపూర్వకంగా సేకరించారు. జంగముల మతం, ఆచారాలు, సాహిత్యం గురించి 1840లో మద్రాసు పత్రికలో ప్రచురించిన వ్యాసంలో సోమనాథుని కృతులను పరిచయం చేశారు. బ్రాహ్మణాధిక్యాన్ని ధిక్కరించిన మతంగా వీరశైవం ఆయనను ఆకర్షించింది. ఆ చూపు మనకు గొప్ప మేలు చేసింది. అదే చూపులో వీరశైవం పీడితుల మతంగా నిలవడంతో అది జైన బౌద్ధులపై చూపిన కాఠిన్యం వెనకకు తగ్గింది. ఒకే మతం ఒకచోట పీడితం, మరొకచోట పీడకం కావచ్చునన్న అవగాహనకు బ్రౌన్ కాలపు చట్రంలో చోటు తక్కువ.

ఇరవయ్యవ శతాబ్దంలో కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రగ్రంథమాల ద్వారా వేటూరి ప్రభాకరశాస్త్రి పీఠికతో 'బసవపురాణం' 1926లోను, చిలుకూరి నారాయణరావు పీఠికతో 'పండితారాధ్య చరిత్ర' 1939లోను వెలువడ్డాయి. నేడు ఈ ముద్రణలే అరుదైన గ్రంథాలు. ఆ పీఠికల ప్రధాన శ్రమ కవికాలం, మతచరిత్ర, భాష, ఛందస్సుల మీద జరిగింది. ఆ పునాది లేకపోతే ఈ వ్యాసంలోని ప్రశ్నలు అడగడమే సాధ్యమయ్యేది కాదు.

5. పోయిన పుస్తకం కథ

ఈ ప్రాంతానికే చెందిన మరో కథ గ్రంథసేకర్తకు హెచ్చరిక. 1656 నాటి 'అప్పకవీయం' రచించిన కాకునూరి అప్పకవికి పలనాటి కామేపల్లితో సంబంధం ఉంది. అతడు చెప్పిన కథ ప్రకారం నన్నయ వేములవాడ భీమకవి 'రాఘవపాండవీయం'ను నాశనం చేశాడు. పగబట్టిన భీమకవి నన్నయ 'ఆంధ్రశబ్దచింతామణి'ని గోదావరిలో కలిపాడు. దాన్ని కంఠస్థం చేసిన సారంగధరుని వల్ల ఆ వ్యాకరణం మళ్ళీ లోకానికి దక్కింది. 'ఆంధ్రశబ్దచింతామణి' నన్నయకృతం కాదని విమర్శకుల్లో పలువురు వాదించారు. అలా అయితే ఈ కథ ఒక కొత్త గ్రంథానికి ప్రాచీనతను సమకూర్చే కథ అవుతుంది. ఇన్ని తరాలపాటు ఎవరికీ ఎందుకు తెలియలేదన్న ప్రశ్నకు 'నాశనమైంది' అన్నది సులువైన జవాబు.

నన్నయకు ముందు జైన సాహిత్యం ఉండేదని, దాన్ని వైదికులు తగలబెట్టారని చేసిన ఊహకు కూడా ఇదే పరీక్ష పెట్టాలి. గ్రంథం లేకపోవడం దహనానికి రుజువు కాదు. తాటాకు చెదకూ తేమకూ ఆహుతవుతుంది. తిరగ రాయించే పోషకులు లేని గ్రంథం కొన్ని తరాల్లో మౌనంగా అంతరిస్తుంది. పోషకులు ఎందుకు లేకుండాపోయారన్నది మతాధికారానికి సంబంధించిన ప్రశ్నే. ఆ ప్రశ్న మంట కంటే నెమ్మదైన హింసను గురించినది. అమరావతి స్తూపం విషయమూ ఇంతే. దాని రాళ్ళను తరలించినది పరమతద్వేషం కాదు. కట్టడాలకు రాయి కావలసివచ్చింది, ఆ రాయిని పూజించేవారు ఊరిలో లేరు. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న చరిత్రను ఏ పురాణమూ చెప్పలేదు.

6. ఒంగోలు అర

పై గ్రంథాలన్నీ గెలిచినవారు చెప్పినవి. బాధితుల పక్షాన నిలిచిన పాత గ్రంథాలు ఈ ప్రాంతంలో పందొమ్మిదవ శతాబ్దం చివర కనిపిస్తాయి. అవి తెలుగులో లేవు. ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన జాన్ క్లౌ, ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రచనలు ఇందులో ముఖ్యమైనవి. ఎమ్మా 1899లో ప్రచురించిన గ్రంథం చెప్పులు కుడుతూ మాదిగలు చెప్పుకొనే కథల పేరుతో ఉంది. 1914లో జాన్ క్లౌ జీవిత కథనం వెలువడింది. 1876–78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందిన ఘటన మిషన్ చరిత్రల్లో పదేపదే చెప్పబడింది.

హింస అధ్యయనానికి ఆ సంఖ్య కంటే ఆ ఊళ్ళ దైనందిన జీవితమే ముఖ్యం. కొత్తగా చేరినవారికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. ఈ మూడూ మతనియమాలుగానే కనిపిస్తాయి. పల్లె ఆర్థిక వ్యవస్థలో వీటి అర్థం వేరు. ఆదివారం పని మానడం వెట్టిని నిరాకరించడం. చచ్చిన పశువును ముట్టనని అనడం కులవృత్తిలోని కట్టుబాటును తెంచుకోవడం. మొక్కననడం అమ్మవారి జాతరలో డప్పు కొట్టడానికి నిరాకరించడం. ఊరిపెద్దలు, గ్రామాధికారులు దీనికి బదులుగా బావి నీళ్ళు ఆపారు, పని ఆపారు. మిషనరీ గ్రంథాలు దీన్ని విశ్వాసం కోసం పడిన శ్రమగా, తొలి క్రైస్తవుల బాధల వరుసలో చెప్పాయి. అందులో సత్యం ఉంది. అయితే పెద్దలకు కోపం తెప్పించినది ఏసు దేవుడా, ఆగిపోయిన చాకిరీయా అన్న ప్రశ్న ఆ గ్రంథాల్లో సగమే అడగబడింది. 'మతహింస' అన్న శీర్షిక ఇక్కడ కులహింసను కొంత కప్పివేస్తుంది.

ఎమ్మా పుస్తకంలో ఎర్రగుంట్ల పేరయ్య వంటివారి జ్ఞాపకాలు ఉన్నాయి. క్రైస్తవానికి ముందు అతడు నడిచిన రాజయోగ మార్గం గురించి కూడా అందులో ఉంది. తెలుగులో పలికిన గొంతు ఇంగ్లీషులో భద్రమైంది. ఆ గొంతును తెలుగులోకి తిరిగి తేవడం అనువాదకుల పని మాత్రమే కాదు, తెలుగు సాహిత్య చరిత్రకారుల బాధ్యత. తన మాటల్లో తన బాధను చెప్పుకొన్న కవి ఈ నేలకు దక్కడానికి వినుకొండలో 1895లో పుట్టిన జాషువ దాకా వేచి ఉండవలసివచ్చింది. కులం కారణంగా సవర్ణుల సభల్లో అవమానం పొందిన ఆ కవి, హిందూ పురాణ వస్తువులతో పద్యాలు రాసినందుకు క్రైస్తవ సమాజంలోనూ వెలిని ఎదుర్కొన్నాడు. 'గబ్బిలం' 1941లో వెలువడింది. 'నా కథ'ను మతహింస అరలో కూడా ఒక ప్రతి ఉంచవలసిన అవసరం ఉంది. అది రెండు మతాల మధ్య నిలిచిన మనిషి చెప్పినది.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఈ ప్రాంతపు మతహింసను చెప్పే ప్రాచీన తెలుగు గ్రంథాలు ప్రధానంగా హింసించిన పక్షం రచనలు. చందవోలు బౌద్ధాచార్యుని పక్షం చెప్పే తెలుగు గ్రంథం ఒక్కటీ మనకు దక్కలేదు. రెండు, వాటిని నమ్మడం, కొట్టివేయడం అన్న రెండు మార్గాలకూ ఆవల, ఎవరి కన్నీటికి కావ్యం చోటిచ్చిందని చూసే పఠనం అవసరం. మూడు, మెకంజీ, బ్రౌన్, క్లౌ దంపతులు అందరూ తమ తమ చూపుతో సేకరించారు. ఆ చూపును కూడా గ్రంథంతో పాటు నమోదు చేయాలి. నాలుగు, నాశనమైన గ్రంథం గురించిన కథను నాశనానికి రుజువుగా తీసుకోరాదు.

వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం వంటి గ్రంథాలయాలు ఈ నేలలో పాత పత్రికలను, గ్రంథాలను తరాలుగా కాపాడుతున్నాయి. వ్యక్తుల ఇళ్ళలో ఉన్న సేకరణలు వారి తరువాత చెదిరిపోతున్నాయి. విశ్వవిద్యాలయ శాఖలు వాటికి సూచికలు తయారు చేసేటప్పుడు కర్త, కాలం, ముద్రణలతో పాటు మరి రెండు గడులు చేర్చవచ్చు: గ్రంథం ఎవరి పక్షాన మాట్లాడుతున్నది, దానికి ఎదురు సాక్ష్యం ఎక్కడ ఉన్నది. 'పండితారాధ్య చరిత్ర' ఎదుట రెండవ గడిలో అమరేశ్వరాలయ స్తంభశాసనం, 1182 అని రాయాలి. చందవోలు కథ చదివిన విద్యార్థి తరువాత వెళ్ళవలసిన చోటు అమరావతి అని ఆ గడి చెప్తుంది. అక్కడ శివుని స్తంభం మీద బుద్ధుని దీపం ఇంకా చదవవచ్చు.